నోరు మూయలేని వేలం

చేపల మార్కెట్లో వేలం పాడే పెద్దమనిషిని అందరూ మైకు అనేవారు. ఆయన గొంతెత్తితే గంపలో చచ్చిన చేప ఒక్కసారి తోకాడించేదట, రేవు అవతల పడవ ఉలిక్కిపడి తాడు తెంపుకునేదట. తాడు మాట కోతలనుకున్నా, చేప మాట నమ్మి తీరాల్సిందే.

అంతటి నోరు ఒకనాడు ఆవలింత మధ్యలో ఆగిపోయింది. చెవి ముందు కీలు టక్కుమంది, దవడ బిగుసుకుంది. ఎముకకేమీ కాలేదని, కండరాలే పట్టేశాయని చెప్పి డాక్టరు ఫిజియోథెరపీకి పంపాడు. ఈలోగా వేలం బల్ల మీదికి బామ్మర్ది ఎక్కాడు. కొత్త సీజను మొదలయ్యే నాటికి మైకు రాకపోతే బల్ల అతనిదేనని వేలం దుకాణం యజమాని తేల్చేశాడు.

థెరపీ చేసే అమ్మాయి అద్దం ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పింది. నాలుక కొన అంగిటికి ఆనించాలి, పెదాలు మూయాలి, పళ్లు మాత్రం తగలకూడదు. నాలుక అక్కణ్ణించి జారనంత వరకే, గడ్డం పక్కకు పోకుండా, నెమ్మదిగా నోరు తెరవాలి. వేడి కాపడం, మెత్తటి తిండి. అరుపులు బంద్.

అరుపులు మానాడు గానీ కుదురెక్కడిది? కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. మార్కెట్ వైపు కిటికీలోంచి బామ్మర్ది వేలం పాట వినబడుతుంటే మరీను. నొప్పి తగ్గకపోగా ముదిరింది.

ఆ అమ్మాయి ఆయన కణతల మీద వేళ్లు పెట్టి చూసింది. వేళ్ల కింద కండరం లయగా ఎగురుతోంది.

"బాబాయ్, లోపల ఏం చేస్తున్నారు?"

"ఏముందమ్మా, నోరు మూసుకునే ఉన్నాగా."

"నోరు మూశారు, వేలం మూయలేదు. పళ్లు బిగబట్టి పాడుతున్నారు."

పక్కనే ఉన్న భార్య అందుకుంది. "నిద్రలోనూ అంతేనమ్మా. నిన్న నా దిండు వేలంలో ఎవరికో కొట్టేశారు."

దొంగ దొరికిపోయాడు. బామ్మర్ది ఒక్కో పాట ఎత్తుకోగానే, అది తప్పని తను లోపల సరిచేసి పాడుతున్నాడట. పాట తన్నుకొచ్చినప్పుడల్లా నాలుక అంగిట్లో పెట్టి ముక్కుతో ఊపిరి తీసుకోమంది ఆ పిల్ల. నాలుక అక్కడుంటే పళ్లు కలవవు.

నేర్చుకోవడానికి ప్రాణం పోయినంత పనైంది. నొప్పి తగ్గింది, దవడ మాత్రం పూర్తిగా తెరుచుకోలేదు. సీజను మొదటి రోజు అలాగే బల్లెక్కాడు.

"అరవలేకపోతే సైగ చెయ్ బావా, నేనందుకుంటా," అన్నాడు బామ్మర్ది, ఒక కాలు బల్ల మీద పెట్టి మరీ.

మైకు చిన్నగా ఒక ధర పలికి ఆగాడు. నాలుక అంగిటికి చేరింది. జనం వినబడక దగ్గరికి జరిగారు. ఆయన పలకడు. ఎన్నేళ్లుగానో ఆయన గదమాయింపుకి అలవాటు పడ్డవాళ్లకి ఆ మౌనం చీమల్లా కుట్టింది. ధర తక్కువైందేమోనని ఒకడు పెంచాడు. అది విని కంగారుపడి ఇంకొకడు పెంచాడు. చివరికి వాళ్లలో వాళ్లే అరుచుకుని గంప ఎగరేసుకుపోయారు.

రేపు కూడా నువ్వే ఎక్కమని యజమాని అన్నాడు. బామ్మర్ది బల్ల మీంచి కాలు తీసేశాడు.

"మాట్లాడకుండా ఇంత గోల చేయించేవాణ్ణి నిన్నే చూశా బావా."

మైకు నాలుక అంగిట్లోనే ఉంది. కాలు మాత్రం తర్వాతి గంప కోసం బల్లని టకటకా కొడుతూనే ఉంది.