తారీఖు లేని ఉత్తరం

మా ఇంగ్లీషు టీచరుగారు గత మంగళవారం కనకాలపేటలో కన్నుమూశారు. నేను ఆసుపత్రిలో నర్సు డ్యూటీలో ఉండగా కబురు తెలిసింది. ఆ ఉద్యోగమూ ఆవిడ అనుమానం పుణ్యమే.

ఆవిడ దేన్నీ ఒక పట్టాన నమ్మేవారు కాదు. కూరలమ్మి "పొద్దున్నే కోసినయ్యండి" అన్నా వంకాయ తొడిమ విరిచి చూసేవారు. క్లాసులో ఎవరైనా "ఐ విల్ గో టు కాకినాడ టుమారో" అంటే, "ఎప్పుడనుకున్నావ్, ఇప్పుడా, నిన్ననా?" అని నిలదీసేవారు.

"ఇప్పుడే అనుకుంటే విల్. ముందే అనుకుంటే గోయింగ్ టు. టిక్కెట్టు చేతిలో ఉంటే ఐయామ్ గోయింగ్."

మేం నవ్వుకునేవాళ్లం.

నర్సింగు పూర్తయ్యాక ఒక ఏజెంటు నాకు కువైట్‌లో ఉద్యోగమంటూ ఉత్తరం ఇచ్చాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంటనే ఇచ్చేయమన్నాడు. మురిసిపోతూ వెళ్లి టీచరుగారికి చూపించాను.

"యు విల్ జాయిన్, వి విల్ అరేంజ్... ఏంటే, అన్నీ విల్లులే! నువ్వు విమానం ఎక్కేది ఏ రోజు?"

"ఉత్తరాలు అలాగే రాస్తారండి."

"రాసుకోనీ. పక్కన తారీఖేదీ? ఆసుపత్రి పేరేదీ?"

నాకు ఒళ్లు మండింది. ఆవిడ తమ్ముడి కూతురు నాతోపాటే చదివింది. ఆ పిల్లకు రాలేదన్న కుళ్లేమో అనుకున్నాను.

మర్నాడు వద్దన్నా నాతో ఏజెంటు దగ్గరికి వచ్చారు.

"మా అమ్మాయి ఎప్పుడు ఎక్కుతోందండి?"

"ఎక్కుతాదండి, తొందర్లోనే ఎక్కుతాది."

"ఆ రోజేదో కాగితం మీద రాసివ్వండి. సర్టిఫికెట్లు ఇప్పుడే ఇచ్చేస్తుంది."

పెన్ను తెస్తానని లోపలికి వెళ్లినవాడు ఎంతకీ రాలేదు. మేం లేచి వచ్చేశాం. నెల తిరక్కుండా ఆ ఆఫీసు ఖాళీ అయింది. సర్టిఫికెట్లు ఇచ్చిన అగ్రహారం అమ్మాయిలిద్దరు అవి వెనక్కి రాక పోలీసు స్టేషను చుట్టూ తిరిగారు. నావి నా దగ్గరే ఉండబట్టి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది.

సిగ్గుపడుతూ ఆవిడ ఇంటికి వెళ్లాను. "మిమ్మల్నే అనుమానించానండి" అన్నాను.

"నీ మొహం చూసి ఆ రోజే కనిపెట్టాన్లే. కూర్చో, టీ తాగుదువుగాని."

కిందటి నెల జబ్బు చేసి, వైద్య పరీక్షల కోసం ఆవిడను కాకినాడ తీసుకెళ్తుంటే ఆటో ఎక్కించింది నేనే. "తగ్గిపోతుందండి" అన్నాను.

"ఎవరన్నారే?"

నర్సును, రోజూ ఎంతమందికో ఆ మాట చెప్తాను. ఈసారి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడా గట్టిగా పట్టుకుని, కాసేపటికి వదిలారు.

ఆటో కదిలింది. టీచరుగారు తల బయటికి పెట్టి, వీధి తలుపు తాళం సరిగ్గా పడిందో లేదోనని, మలుపు తిరిగేదాకా వెనక్కే చూస్తూ ఉన్నారు.