కానిస్టేబులుగారికి బంతిపూలు

మొన్న ఆదివారం గుడి హాల్లో భోజనాలయ్యాక, కొత్తగా పెళ్ళయి వచ్చిన ఒకమ్మాయి నాతోపాటు బల్లలు తుడుస్తూ, "ఆంటీ, మీరు డ్రైవింగ్ ఎక్కడ నేర్చుకున్నారు? ఏదైనా మంచి స్కూల్ ఉంటే చెప్పండి, నేనూ జాయిన్ అవుతా" అంది. "శ్మశానంలో నేర్చుకున్నానమ్మా" అన్నాను. ఆ పిల్ల చేతిలో గుడ్డ ఆగిపోయింది. "జోక్ చేస్తున్నారు కదా?" అంది. లేదన్నాను. ఇంతలో ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది గానీ, నాకు మాత్రం ఇంటికొచ్చి దీపం పెట్టి కూర్చున్నాక కూడా ఆ ఏడాదే కళ్ళ ముందు మెదిలింది.

పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పటికి మేము అమెరికాలోని బెంటన్‌విల్ వచ్చి మూడేళ్ళు. మా ఆయన ఈ ఊళ్ళో ఉన్న పెద్ద దుకాణాల కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవారు. ఆయన వీసాకు తోకలాంటిది నా వీసా. నేను ఉద్యోగం చేయకూడదు. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు. నేను బడి మొహం చూడని మనిషిని. చిన్నతనంలో ఉబ్బసం ఉండేది. దుమ్ము పడదని మా నాన్నగారు నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాల దగ్గర్నుంచి డిగ్రీ దాకా చదువు చెప్పారు, పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టించారు. కాబట్టి నాలుగు గోడల మధ్య పొద్దుపుచ్చడం నాకు బాగానే వచ్చు. కానీ ఆ గోడలకు కిటికీ ఉండేది, కిటికీ కింద వీధి ఉండేది, వీధి చివర నేను నడిచి వెళ్ళగలిగిన కూరగాయల బండి ఉండేది. ఇక్కడ మూడో అంతస్తు బాల్కనీలోంచి చూస్తే కార్లు, కార్ల అవతల హైవే. పాలపాకెట్టు కావాలన్నా ఆయన ఆఫీసునుంచి వచ్చేదాకా ఆగాలి. నాకు కావలసింది ఒక్కటే, ఎవరినీ అడగకుండా ఒకచోటికి వెళ్ళి రావడం.

డ్రైవింగ్ పుస్తకాన్ని శ్లోకాల్లా వల్లెవేసి రాతపరీక్ష ఒక్క తప్పు లేకుండా పాసయ్యాను. చేతికి లెర్నర్ పర్మిట్ వచ్చింది. మొదటి పాఠం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే. మొదటి పాఠంలోనే ఉత్తరాల డబ్బాల స్తంభాన్ని గుద్దాను. అంతే, ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నారు. కోపిష్టి మనిషేం కాదు, భయస్థుడు. "రోడ్డు మీద నువ్వు ఎవరినైనా గుద్దావనుకో, పోలీసులు టికెట్ రాస్తారు. రేపు వీసా ఎక్స్‌టెన్షన్‌కి వెళ్ళినప్పుడు ఆ టికెట్ గురించి అడిగితే ఏం చెప్తాం? గ్రీన్‌కార్డ్ రానీ, అప్పుడు చూద్దాం" అనేవారు. ఆ కార్డు ఇప్పటికీ రాలేదు. వరసలో ఉన్నాం. ఉన్నంతలో దేవుడు బాగానే చూస్తున్నాడు.

అంత భయస్థుడికి దొంగలంటే మహా సరదా. అప్పటికి ఎనభై ఏళ్ళ కిందటి కరవుకాలంలో బ్యాంకులు కొట్టి, పోలీసుల్ని కాల్చి, కార్లు దొంగిలించి పారిపోయిన ముఠాలు మా చుట్టుపక్కల రాష్ట్రాల్లో చాలా తిరిగాయట. వాళ్ళు దాక్కున్న ఇళ్ళు, కొట్టిన బ్యాంకులు, చచ్చిన మలుపులు అన్నీ ఇప్పుడు చూడదగ్గ స్థలాలు. ప్రతి శనివారం పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని ఒక దొంగ ఇంటికి బయల్దేరేవాళ్ళం. గోడలో గుండు దిగిన చోట అద్దం బిగించి ఉంటే ఆయన వేలు పెట్టి చూపించి మరీ ఫోటో తీయించుకునేవారు. మిస్సోరీలో ఒక ఊరి ముగ్గురు అన్నదమ్ముల ముఠా అంటే ఆయనకు మరీ అభిమానం. "పొద్దున్న ఇక్కడ బ్యాంకు కొట్టి, మధ్యాహ్నానికి ఓక్లహోమాలో అన్నం తినేవాళ్ళే! మనం ఎంప్లాయర్ మారాలంటే లాయరు, పిటిషను, ఆర్నెల్లు" అనేవారు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, స్పీడ్ లిమిట్‌కి రెండు మైళ్ళు తక్కువలో నడుపుతూ. "చివరికి వాళ్ళని కాల్చేశారు కదండీ" అంటే, "అది వేరే సంగతిలే" అనేవారు. ఆయనకూ ఊపిరాడేది కాదని, ఆ మాట నాతో చెప్పలేక దొంగల వెంట తిరుగుతున్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఆగస్టులో ఒక శనివారం ఆ అన్నదమ్ముల సొంత ఊరికే వెళ్ళాం. మా ఇంటికి గంటన్నర దూరం. పెద్దవాడి సమాధీ, బ్యాంకు ముందు వాడు కాల్చి చంపిన ఊరి కానిస్టేబులు సమాధీ ఒకే శ్మశానంలో ఉన్నాయని ఆయన చెప్పారు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు శ్మశానంలో అడుగుపెట్టరు. కానీ ఆగస్టు ఎండలో కారులో కూర్చోలేనని ముందే తెలుసు. పైగా ప్రాణం పోగొట్టుకున్న మనిషికి ఎవరూ ఒక దండం పెట్టరేమోననిపించి, బాల్కనీ కుండీలో పూసిన బంతిపూలు కొన్ని వెంట తెచ్చుకున్నాను. ఇంటికెళ్ళగానే ఇద్దరం తలస్నానం చేయాలని ముందే షరతు పెట్టాను. ఆయన ఫోన్లో మ్యాపు చూసుకుంటూ వెనకపడ్డారు. నేను ముందు నడిచాను.

పచ్చిక మధ్య ఒక రాయి నిండా పూలు, చిల్లర నాణేలు, చిన్న చిన్న సీసాలు, ఎవరో వదిలిన టోపీ. రాయి అంచులు పెచ్చులూడి అక్షరాలు కనిపించడం లేదు. ఇంత పూజ అందుకుంటున్నాయన కానిస్టేబులుగారే అయి ఉండాలని, ఈ దేశంలోనూ ధర్మం ఉందని నా మనసు నిండిపోయింది. చెప్పులు విడిచి, బంతిపూలు పెట్టి, మూడుసార్లు ప్రదక్షిణ చేశాను. దండం పెట్టుకుని, "నాకు కారు నడపడం వచ్చేలా చూడండి" అని కోరిక కూడా కోరుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా బకెట్టు, బ్రష్షు పట్టుకుని ఒక తెల్లజుట్టు ముసలావిడ. నా ఉత్త కాళ్ళు చూసింది, పూలు చూసింది. "మా నాన్నని చూడడానికి వచ్చావా, హనీ, లేక ఇతన్నా?" అంది. మీ నాన్నగారినే అన్నాను, రాయి చూపించి. "ఇతను మా నాన్న కాదు. మా నాన్నని చంపినవాడు."

కంచె పక్క మూలలో, నేలకు అంటుకున్నట్టున్న రాతి దగ్గరికి తీసుకెళ్ళింది. అంచులు చెక్కుచెదరలేదు, పేరు స్పష్టంగా ఉంది, ఒక్క పువ్వు లేదు. దొంగ రాయిని జ్ఞాపకానికని జనం ముక్కలు చెక్కి పట్టుకుపోతారట. తండ్రి పోయేనాటికి ఆవిడకు నాలుగేళ్ళు. అప్పటినుంచి ఆ ఊరు వదలలేదు. ఎవరు ఊళ్ళోకి వచ్చినా ఆవిడ దగ్గర ఆగి, ఆ దొంగ సమాధి ఎటు అని అడుగుతారట. చెయ్యి చూపించి పంపిస్తుందట. "ఆ పూలు ఇటు తెచ్చి పెట్టు, పర్వాలేదు" అంది. అదే నావల్ల కాలేదు. ఒకరికి సమర్పించిన పువ్వు నిర్మాల్యం అవుతుంది, దాన్ని తీసి ఇంకొకరికి పెట్టడం పాపం. నా వచ్చీరాని ఇంగ్లీషులో అది చెప్పేసరికి చెమట పట్టింది. ఆవిడ శ్రద్ధగా విని, "అంటే దొంగ ముట్టుకున్నది మా నాన్నకి పెట్టవు. సరే, మంచిదే" అంది. కానిస్టేబులుగారు పోయిన రోజు ఏదని అడిగాను. వచ్చే గురువారమట. పొద్దున్నే కుర్చీ తెచ్చుకుని కూర్చుంటుందట. "కొత్త పూలతో నేనొస్తాను" అన్నాను. నోట్లోంచి మాట వచ్చేశాక గుర్తొచ్చింది, గురువారం ఆఫీసు రోజని.

"ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందే, మేనేజర్‌ని ఎలా అడగను?" అన్నారు ఆయన బుధవారం. "శనివారం వెళ్దాంలే. చనిపోయినాయనకి గురువారమైతే ఏంటి, శనివారమైతే ఏంటి?"

"ఆయనకేం కాదండీ. ఎదురుచూసేది ఆవిడ."

గురువారం పొద్దున్నే పూలు కోసి తడిగుడ్డలో చుట్టాను. ఎందుకు చుట్టానో నాకే తెలియదు. డ్రైవింగ్ వచ్చిన ఒక్క స్నేహితురాలూ అప్పుడు ఇండియాలో ఉంది. బస్సు అనేది ఆ వైపు లేదు. ముసలావిడ ఫోన్ నంబరైనా తీసుకోలేదు, రాలేనని చెప్పడానికి. చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని, సంచీ పట్టుకుని బాల్కనీలో నిలబడ్డాను. కింద నలభై కార్లు ఎండలో ఊరికే మెరుస్తున్నాయి. పదయింది, పదకొండయింది. ఆవిడ కుర్చీలో కూర్చుని రోడ్డుకేసి చూస్తూ ఉంటుందని తెలుస్తూనే ఉంది. మధ్యాహ్నం చెప్పులు విప్పేశాను. ఆ పూలు దేవుడికి పెట్టడానికి కూడా చేతులు రాలేదు, ఆ దేవుడికని కోసినవి కాదు కదా. గుడ్డలోనే వాడిపోయాయి. ఆ రోజు సాయంత్రం దీపం పెట్టాను గానీ, జీవితంలో మొదటిసారి కృతజ్ఞత చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు.

శనివారం వెళ్ళాం. ఆవిడ గేటు దగ్గరే ఉంది. దెప్పలేదు. "పన్నెండు దాకా కూర్చున్నాను. ఎండ ఎక్కువైంది, వెళ్ళిపోయాను" అంది. నాకు కారు నడపడం రాదని చెప్పాను. ఆవిడ నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగింది.

"నీకు వచ్చా?"

"యెస్, మేడమ్."

"మరి ఈవిడకెందుకు రాదు?"

ఆయన వీసా అన్నారు, టికెట్ అన్నారు, ఎవరినైనా గుద్దితే అన్నారు. ఆవిడ చుట్టూ రాళ్ళకేసి చెయ్యి తిప్పింది. "ఇక్కడ గుద్దితే ఎవరు ఫిర్యాదు చేస్తారు? నాన్న పోయిన నెలకి మా అమ్మ ఈ దారిలోనే నేర్చుకుంది. నేను వెనక సీట్లో ఉన్నాను. గేటు తాళం నా దగ్గరే ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు రండి."

నేను చెయ్యి చాపాను. మా పెళ్ళయ్యాక ఆయన్ని ఏదైనా చెయ్యి చాపి అడగడం అదే మొదలు. ఆయన ఆ అన్నదమ్ముల పెద్దవాడి రాయి వైపు ఒకసారి చూసి, జేబులోంచి తాళంచెవి తీశారు.

అప్పటినుంచి ప్రతి శనివారం దొంగల ఇళ్ళు మానేసి శ్మశానానికే వెళ్ళాం. గంటకు ఐదు మైళ్ళ వేగంతో కంకర దారిలో తిరిగేదాన్ని. ఆయన తన వైపు లేని బ్రేకుని కాలితో తొక్కుతూ, "ఎడంపక్క తాతగారు, చూసుకో! ఆపు, ఆపు, దంపతులు!" అని అరిచేవారు. రెండు కుటుంబాల రాళ్ళ మధ్య రివర్స్ చేయడం నేర్చుకున్నాను. ఇంటికొచ్చాక ఇద్దరికీ తలస్నానం. "ప్రతి వారం ఈ తలస్నానం ఏంటే, నాకు జలుబు తగ్గట్లేదు" అని ఆయన గోల. రోడ్డు పరీక్షలో రెండుసార్లు తప్పాను, మూడోసారి పాసయ్యాను. లైసెన్సు మీద గడువు మాత్రం మా వీసా గడువే. ఆయన కాగితం ఆగిన రోజు నా బండీ ఆగుతుంది.

మరుసటి ఏడు ఆ తేదీ శుక్రవారం పడింది. ఆయన ఆఫీసుకు ఇంకొకరి కారులో వెళ్ళారు. బయల్దేరేముందు మా కారు టైర్లు రెండుసార్లు చూశారు, అద్దాలు తుడిచారు. గంటన్నర దారికి నాకు రెండున్నర గంటలు పట్టింది. వెనక వాళ్ళందరూ హారన్లు కొట్టారు, కొట్టనిచ్చాను. గేటు దాటి ఇంజను ఆపాక, పక్కసీట్లోని బంతిపూలు తీసుకుని దిగాను. మడతకుర్చీలో ఉన్న ముసలావిడ గడియారం చూసుకుంది.

"సంవత్సరం ఆలస్యం, హనీ" అంది. "ఒక్కదానివే వచ్చావా?"

"ఒక్కదాన్నే" అన్నాను. అంత అందమైన మాట అంతకుముందు నా నోట ఎప్పుడూ రాలేదు.

పూలు కానిస్టేబులుగారి రాతి మీద పెట్టి దండం పెట్టుకున్నాను. ఆవిడ కుర్చీ పక్కనున్న సంచీ తీసి, పచ్చిక మీద నాకు చోటిచ్చింది. పన్నెండు దాకా ఇద్దరం కూర్చున్నాం. మా కాగితాల వరస ఎంత ముందుకు జరిగిందో, ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో ఆ గంటల్లో నాకు ఒక్కసారి కూడా గుర్తురాలేదు. ఎదురుచూపు ఎంత పొడుగన్నది ఏళ్ళను బట్టి ఉండదని, అందులో ఒక్క రోజైనా మనం కదిలామా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుందని, నాలుగేళ్ళ వయసునుంచి అక్కడే కూర్చున్న ఆవిడ పక్కన కూర్చున్నాకే నాకు తెలిసింది.