బూట్ల గది ఆర్డిస్

విండ్ రివర్ లోయలో ఉన్న త్రీ విల్లోస్ రాంచ్‌కి గుర్రపుస్వారీ చేస్తూ సెలవులు గడపడానికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది తెచ్చుకున్న బట్టలు వారమంతా పెట్టెలోనే ఉండిపోయేవి. ఆదివారం మధ్యాహ్నం వ్యాను దిగడంతోనే వాళ్లు ఆర్డిస్ హోమ్‌క్విస్ట్ చేతిలో పడేవాళ్లు. బూట్ల గదిలో పొడవాటి బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్ల దగ్గర నుంచి తల దాకా చూసి, ఆమె ఉన్నమాట మొహం మీదే చెప్పేసేది.

"ఆ తెల్ల ప్యాంటు దేనికమ్మా? మంగళవారానికి గుర్రం రంగులోకి తిరుగుతుంది."

"ఈ చెప్పులు మీ ఊళ్లో బావుంటాయి. ఇక్కడ గుర్రం కాలేసిందంటే వేళ్లు ఏరుకోవాలి."

పాతికేళ్ల పిల్లయినా, మనవలున్నావిడైనా దగ్గరికి పిలిచి చెవిలో చెప్పే మాట ఒకటుండేది. "లోపల బిగుతైన బాడీ వేసుకో తల్లీ. గుర్రం ఎగిరెగిరి నడిచినప్పుడు ఎందుకు చెప్పానో నీకే తెలుస్తుంది."

వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వి, చెప్పినట్టు వినేవాళ్లు. వెళ్లేప్పుడు కొందరు కొత్త బూట్లు అక్కడే వదిలేసి పోయేవాళ్లు. గోడల నిండా ఉన్న బూట్లన్నీ అలా పోగైనవే.

ఆర్డిస్ అక్కడికి పందొమ్మిదేళ్లప్పుడు గిన్నెలు కడగడానికొచ్చింది. వాళ్ల నాన్నకి గొర్రెలుండేవి. ఒక చలికాలం మంచు గొర్రెల్ని మింగేసింది, దాంతో పిల్లలంతా చెల్లాచెదురయ్యారు. వచ్చిన వారంలోనే సరదాపడి గౌనుతో గుర్రమెక్కి, తొడలు రెండూ చర్మం లేచిపోయి, మూడు రోజులు కాళ్లు ఎడం పెట్టుకుని నడిచింది. అప్పటి యజమానురాలు ఆల్డీన్ రూర్క్ అది చూసి తిట్టలేదు. పందికొవ్వు రాసి, తన పాత జీన్స్ ఇచ్చి, "కుట్టు లావుగా ఉన్నది ఎప్పుడూ వేసుకోకు" అని మాత్రం అంది. ఆ ఏడాది నుంచి బూట్ల గది ఆర్డిస్‌దే. గుర్రాలకు నాడాలు కొట్టే వర్ల్‌ని చేసుకుంది. పిల్లలు లేరు. వర్ల్ ఒక వసంతకాలంలో గుర్రం కాలు ఒళ్లో పెట్టుకునే పక్కకి ఒరిగి, అలాగే పోయాడు. ఆ తర్వాత కూడా ఆమె లాండ్రీ వెనక రాంచ్ వాళ్లిచ్చిన రెండు గదుల ఇంట్లోనే ఉండిపోయింది. పోవడానికి వేరే చోటు లేదు, పోవాలనీ అనిపించలేదు.

రూర్క్ దంపతులు పోయాక వాళ్ల పిల్లలు రాంచ్‌ని డెన్వర్ వాళ్లకి అమ్మేశారు. కొత్తవాళ్లు భోజనశాల పక్కన బట్టల షాపు పెట్టారు. అందులో అన్నీ ఫోటోల బట్టలే. కుచ్చుల జాకెట్లు, పూల బూట్లు, తల దూర్చి దుప్పటిలా వేసుకునే పోంచోలు. చూసుకోవడానికి బ్రిన్ హాస్కెట్ అనే ముప్ఫై దాటని అమ్మాయిని మేనేజరుగా పెట్టారు. మంచి పిల్లే. కానీ ఆర్డిస్ నోటికి మొదట తాళం పడింది ఆ పిల్ల చేతుల మీదుగానే.

"ఆర్డిస్, పోయిన వారం ఒకావిడ మీ మీద ఫిర్యాదు చేసిందండీ. తన ప్యాంటు గురించి ఏదో అన్నారట."

"కూర్చుంటే పిగులుతుందన్నాను. పిగిలింది."

"అది కాదండీ. డబ్బు పెట్టి వచ్చినవాళ్లు, వాళ్లకి నచ్చింది వేసుకోనిద్దాం. మీరు బూట్లు ఇవ్వండి చాలు."

ఆర్డిస్ ఆ రోజు నుంచి బూట్లిచ్చి ఊరుకోవడం నేర్చుకుంది. నేర్చుకుందంటే, పళ్ల మధ్య నాలుక పెట్టుకుని తిరిగింది.

ఆ ఏడు వానల్లేవు. జూలై నాటికే కొండవాలు గడ్డంతా మాడి పసుపు తిరిగింది. అలాంటి వారంలో ఒహాయో నుంచి నోరీన్ పగ్లియారో వచ్చింది. బడిలో పిల్లలకి వంట చేసే మనిషి. అరవైకి అటూ ఇటూ ఉంటుంది. చర్చి లాటరీలో ఈ సెలవు తగిలిందట. పుట్టి బుద్ధెరిగాక ఒక్కతే ఎక్కడికీ వెళ్లలేదని నవ్వుతూ చెప్పింది. కాళ్లకి కొండలెక్కే బూట్లు, ఒంటి మీద మోకాళ్ల దాకా వేలాడే కుచ్చుల పోంచో. వాళ్ల ఊరి షాపులో అమ్మాయి రాంచ్‌కంటే ఇవే వేసుకోవాలని చెప్పిందట.

"ఈ బూట్ల అడుగు చూడు, పళ్లచక్రంలా ఉంది. కాలు పెట్టే రికాబులో ఇరుక్కుందంటే ఊడి రాదు. ఇవి వేసుకో." నున్నటి అడుగు, కాస్త మడమ ఉన్న పాత జత తీసి ఇచ్చింది ఆర్డిస్. నోరీన్ మారుమాట్లాడకుండా వేసుకుంది. పోంచో దగ్గరికొచ్చేసరికి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఇది ఉండనివ్వండి."

"గాలికి ఎగురుతుంది. గుర్రం బెదురుతుంది."

నోరీన్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇది తీసేస్తే నా వెనకభాగమంతా కనిపిస్తుందండీ. ఈ ప్యాంటులో మరీ..."

ఆర్డిస్‌కి ఒక్కసారిగా ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది. "కనిపిస్తే ఏం పోయింది? గుర్రాల వెనకభాగాలు చూసీ చూసీ ఇక్కడి మగాళ్ల కళ్లు కాయలు కాచిపోయాయి. మనవి చూసే ఓపిక ఎవడికీ లేదు."

నోరీన్ పగలబడి నవ్వింది. నవ్వుతూ పోంచో తీయబోయింది కూడా. సరిగ్గా అప్పుడే బ్రిన్ లోపలికొచ్చి, "అబ్బ, ఎంత బావుందో! తీయకండి, తీయకండి. రేపు సాయంత్రం కంచె దగ్గర ఫోటో తీస్తాం" అంది. నోరీన్ చేతులు కిందికి దిగిపోయాయి. ఆర్డిస్ బ్రిన్ వంక చూసింది. బ్రిన్ చూపు తిప్పుకుంది.

చివరికి ఆర్డిస్ తన చేతనైనంత చేసింది. పోంచోని చుట్టగా చుట్టి జీను వెనక తోలుతాళ్లతో కట్టింది. "దిగాక వేసుకుని ఫోటో దిగుదువుగాని. పైన ఉండగా మాత్రం విప్పకు. మాట ఇయ్యి." నోరీన్ మాట ఇచ్చింది. ఎక్కడానికి హేజెల్‌ని ఇవ్వమని గుర్రాల పెద్ద లోనీ ట్రూయాక్స్‌కి ఆర్డిస్సే చెప్పింది. ముదురు గోధుమ రంగు ఆడగుర్రం, వయసు మళ్లింది. భయస్తుల్ని, చిన్నపిల్లల్ని దాని మీదే ఎక్కించేవాళ్లు. దాని పిల్లతనంలో కాలికి ముల్లుకంచె కోసుకుపోతే వర్ల్, ఆర్డిస్ వంతులేసుకుని కట్టు కట్టారు. అందుకో ఏమో, ఆర్డిస్ గొంతు వినపడితే చాలు చెవులు ముందుకొచ్చేవి.

రెండో రోజు సాయంత్రం గుర్రాలు వరుసగా తిరిగొస్తున్నాయి. కంచె దగ్గర ఫోటోలు తీసే కుర్రాడు, బ్రిన్, వాళ్ల పక్కన ఆర్డిస్. కనుమ మీద నుంచి చల్లగాలి లేచింది. గడ్డిమైదానం అవతల, వరుస చివర్లో, నోరీన్ వెనక్కి వంగి తాళ్లు విప్పడం ఆర్డిస్‌కి కనబడింది. చలేసిందో, ఫోటో కోసమో, కంచె దగ్గర ఇంతమంది నిలబడి చూస్తున్నారనో. పగ్గాలు జీను మీద వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి, తల ఆ గుడ్డలో దూర్చింది.

"వద్దు! నోరీన్! లోనీ, వెనక్కి చూడు!" ఆర్డిస్ గొంతు చించుకుని అరిచింది. గాలి ఎదురు కొడుతోంది. ఆ అరుపు ఆమె చెవులకే సరిగ్గా వినపడలేదు. లోనీ ముందు గుర్రం మీద ఎవరితోనో మాట్లాడుతూ వస్తున్నాడు.

గాలి పోంచోలో జొరబడి తెరచాపలా ఉబ్బించింది. కుచ్చులు హేజెల్ కంటి మీద చెళ్లున కొట్టాయి. గుర్రం పక్కకి దూకింది. నోరీన్ ఒరిగిపోయింది. పాదం రికాబులోంచి నున్నగా జారొచ్చింది. ఆ బూట్లే లేకపోతే కాలు మిగిలేది కాదని లోనీ తర్వాత అన్నాడు. కానీ పోంచో కుచ్చులు జీను ముందున్న కొమ్ముకి చుట్టుకున్నాయి. చంకల కింద గుడ్డ బిగుసుకుని, మనిషి గుర్రం పక్కన వేలాడుతూ ఈడ్చుకుపోయింది. ఆర్డిస్ కంచె కమ్మీల మధ్య నుంచి దూరి పరుగెత్తింది. ఎంత పరుగెత్తినా మైదానం తరగడం లేదు. గుడ్డ చిరిగింది. నోరీన్ గడ్డిలో పడింది. హేజెల్ ఇంకాస్త దూరం పోయి, ఆర్డిస్‌ని చూసి, తిన్నగా ఆమె దగ్గరికే వచ్చి నిలబడి వణికింది.

నోరీన్‌కి భుజం ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి. ప్రాణానికి భయం లేదన్నారు. రాంచ్‌లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మర్నాడు బ్రిన్ బూట్ల గదికొచ్చి బల్ల మీద కూర్చుంది.

"డెన్వర్ నుంచి ఫోన్ వచ్చిందండీ. అతిథిని ఈడ్చిన గుర్రం ఇక్కడ ఉండకూడదట. ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరట. సంతకి పంపేయమన్నారు."

"ఈడ్చింది గుర్రం కాదమ్మా. గుడ్డ."

"నాకు తెలుసు."

"తెలిస్తే ఆ మాట వాళ్లకి చెప్పు."

"చెప్పాను ఆర్డిస్. మళ్లీ ఫోన్ చేసి మళ్లీ చెప్పాను. గుడ్డ మీద ఇన్సూరెన్స్ లేదన్నారు." బ్రిన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవాలని చూసింది ఆర్డిస్. రాలేదు. వచ్చినా బావుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

సంతలో ముసలి గుర్రాల్ని కొనేది ఎక్కువగా మాంసానికే. ఆర్డిస్ ఉండే ఇల్లు రాంచ్‌ది. పనివాళ్లు సొంత పశువుల్ని పెట్టుకోకూడదు. లోనీ ఊళ్లో అద్దెకుంటున్నాడు. లోయలో తెలిసిన ప్రతి ఇంటికీ ఆర్డిస్ ఫోన్ చేసింది. "వేరే ఏ ఏడాదైనా అయితే కళ్లు మూసుకుని తీసుకునేవాళ్లం ఆర్డిస్. గడ్డి లేక మా ఆవుల్నే మేం తోలేస్తున్నాం" అన్నారు. అది అబద్ధం కాదు. రోడ్డు మీద పశువుల లారీలు పోతూనే ఉన్నాయి.

నోరీన్ ఆసుపత్రి నుంచి చేతికి కట్టుతో, సామాను తీసుకోవడానికొచ్చింది. సంగతి విని నేరుగా బ్రిన్ దగ్గరికి పోయింది. "తప్పు నాదమ్మా. మాట ఇచ్చి తప్పాను. నోరులేని దానికి శిక్షేంటి? ఎవరికి చెప్పమంటే వాళ్లకి చెప్తాను."

"దయచేసి ఎవరికీ ఏమీ చెప్పకండి. మీరు చెప్పేకొద్దీ అది ఇంకా పెద్దదవుతుంది." బ్రిన్ దాదాపు బతిమాలింది.

నోరీన్ బూట్ల గదికొచ్చి కూలబడింది. "సిగ్గుపడ్డాను ఆర్డిస్. అంతే. కంచె దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. నా ఒళ్లు చూసి నాకే సిగ్గేసింది." ఆర్డిస్ వంగి ఆమె కాళ్ల బూట్లు ఒక్కొక్కటే లాగింది, విరిగిన భుజానికి కుదుపు తగలకుండా. నీ తప్పు లేదని అనాలనుకుంది. పూర్తిగా నిజం కాదు కాబట్టి అనలేకపోయింది. వ్యాను వచ్చేదాకా ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సంత లారీ శుక్రవారం పొద్దున వచ్చింది. ఆర్డిస్ కావాలనే బయటికి రాలేదు. కాసేపటికి లోనీ టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అది లారీ ఎక్కట్లేదు ఆర్డిస్."

"మంచిది. ఎక్కనివ్వకండి."

"డ్రైవరు కర్ర తీశాడు."

ఆర్డిస్ అలాగే కూర్చుంది. లోనీ అలాగే నిలబడ్డాడు. ఆవరణలోంచి చెక్క మీద గిట్టలు జారిన చప్పుడు, వెంటనే దెబ్బ చప్పుడు. ఆమె లేచింది.

డ్రైవరు చేతిలో తాడు లాక్కుని, "నువ్వవతలికి పో" అంది. హేజెల్ మెడ తడిసి ఉంది. ఆమె గొంతు వినగానే చెవులు ముందుకొచ్చాయి. "రా తల్లీ" అని రెండడుగులు వేసింది. అంతే, గుర్రం పిల్లిలా ఆమె వెనక చెక్క మీద నడిచి లోపలికొచ్చింది. తాడు కట్టి, నుదుటి మీద చెయ్యి పెట్టింది. కర్ర దెబ్బ తప్పించడానికే వచ్చానని తనకి తాను చెప్పుకుంది. అది నిజమే. కానీ గుర్రం లారీ ఎక్కింది ఆమెని నమ్మి.

సెలవు రోజు వచ్చేదాకా ఆగలేక, ఎవరు కొంటారో చూద్దామని బ్రిన్‌ని అడిగి రివర్టన్ సంతకి వెళ్లింది. అప్పటికే వేలం అయిపోయింది. దొడ్డి ఊడుస్తున్న ముసలాయన గుర్తుపట్టాడు. "ముదురు గోధుమది, కాలి మీద పాత మచ్చ. అదే కదమ్మా? ఒకాయన గుంపులో కలిపి కొన్నాడు. మోంటానా వైపు పోయింది బండి."

"దేనికి కొన్నాడు? వేటగాళ్ల సామాను మోయడానికా?"

"అడగలేదమ్మా." ముసలాయన మళ్లీ ఊడవడం మొదలెట్టాడు. ఆమె ఇంకా అక్కడే ఉండేసరికి, "అయ్యుండొచ్చు. వేట కాలం వస్తోందిగా" అన్నాడు తలెత్తకుండా.

బ్రిన్ షాపులో పోంచోలన్నీ తీసి అట్టపెట్టెలో పెట్టేసింది. డెన్వర్ వాళ్లు వచ్చి చూసి, ఇవి బాగా పోయే సరుకు కదా అని మళ్లీ తగిలించారు. ఆర్డిస్ మాత్రం పళ్ల మధ్య నుంచి నాలుక తీసేసింది. ప్రతి ఆదివారం చెప్పింది. కొందరు విన్నారు. కొందరు ఫిర్యాదు చేశారు. బ్రిన్ ఆ ఫిర్యాదుల్ని పై వాళ్ల దాకా పోనివ్వలేదు. ఆ పిల్ల చేయగలిగింది అదొక్కటే. వేసవి చివరికి ఆ పిల్ల కూడా మానేసి వెళ్లిపోయింది.

జనవరిలో, కిటికీ సగం దాకా మంచు కమ్మి ఉండగా, నోరీన్ ఫోన్ చేసింది. భుజం పూర్తిగా కుదురుకోలేదని, బడిలో పెద్ద గిన్నె ఎత్తలేక పిల్లల చేతులు కడిగించే పనికి మారానని చెప్పింది. ఇంకేవో చెప్పింది. ఆర్డిస్ ఊఁ కొడుతూ ఆ ప్రశ్న కోసం ఎదురుచూసింది.

"హేజెల్ సంగతి ఏమైనా తెలిసిందా? ఎవరైనా మంచివాళ్లు తీసుకున్నారా?"

తీసుకున్నారు, కొండల దగ్గర చక్కగా ఉంది అని ఒక్క మాట అంటే పోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదమ్మా. ఎంత కనుక్కున్నా తెలీలేదు."

అవతల నోరీన్ ఏడుపు ఆపుకుంటున్నట్టు ముక్కు చీదింది. ఇవతల ఆర్డిస్ గోడకి ఆనుకుని నిలబడింది. ఊరడించడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. అయినా ఎవరూ ముందు ఫోన్ పెట్టేయలేకపోయారు.

"అక్కడ మంచు ఎంత పడింది?" అడిగింది నోరీన్.

ఆర్డిస్ కిటికీ దగ్గరికెళ్లి చూసి చెప్పసాగింది.