సీదాగా పోయిన విమానం

మా చిన్నప్పుడు... పాల్వంచలో మా కాలనీ క్వార్టర్ ముందుగదిలో ఒక నెలంతా కాలు పెట్టడానికి జాగా లేదు. నేల నిండా వెదురు పుల్లలు, పతంగి కాగితం, మైదా జిగురు గిన్నె... వాటి మధ్య నాన్న, నేను బోర్లా పడుకుని విమానం చేస్తున్నాం మరి!

"ఇది ఇల్లా, కార్ఖానానా?" అని అమ్మ రోజుకోసారి మొత్తుకునేది.

ఇంజను లేని విమానం అది. దారం కట్టి, పతంగిలా పరిగెత్తి పైకి లేపాలి. దారం ఊడాక దాని దారి దానిదే. కాలనీ లైబ్రరీలో పాత ఇంగ్లీషు పత్రికలో దాని నమూనా కనపడితే, నాన్న కార్బన్ పేపరు పెట్టి దించుకొచ్చాడు... తనకు రాని ఆ ఇంగ్లీషు అక్షరాలతో సహా! వాటిని కూడబలుక్కుని చదివి చెప్పడం ఏడో తరగతి చదివే నా పని.

నాన్న కరెంటు ప్లాంటులో ఫిట్టర్. పెద్ద పెద్ద మోటార్లను వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వరసలో కూర్చోబెట్టే మనిషి. ఆ చెయ్యి ఊరుకుంటుందా... ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి విమానం తోకకు దారం పట్టి వంకర ఉందేమో చూసి, సరిచేసి, జిగురు కూడా పెట్టేశాడు.

"బొమ్మ గీసినోడు తప్పు గీసిండు బిడ్డా. ఇదేమన్న కుక్క తోకనా, వంకర పెట్టనీకి? నేను సీదా చేసిన."

నాన్న డ్యూటీకి పోయాక, అప్పటిదాకా చదవని చివరి రెండు లైన్లు చదివాను. తోకను కొంచెం ఎడమకు వంచాలట... అప్పుడే విమానం గుండ్రంగా తిరిగి దగ్గర్లో దిగుతుందట. వంచకపోతే సీదాగా పోవడమే, ఇక దొరకదు.

చెప్పాలనే అనుకున్నాను. కానీ ఆ వారమే నాన్న, ప్లాంటులో ఎవరో ఇంగ్లీషులో ఏదో అడిగితే తెలియక నలుగురిలో తల దించుకున్నానని అమ్మతో చెప్తూ, అన్నం సగంలోనే లేచిపోయాడు. ఇక ఇంట్లో నేను కూడా తప్పు పట్టాలా అనిపించింది. కాగితం మడిచి పుస్తకంలో పెట్టేశాను.

ఆదివారం చర్చి అయ్యాక క్వార్టర్ల వెనక మైదానానికి పోయాం. చర్చికి వేసుకున్న తెల్ల చొక్కాతోనే నాన్న దారం పట్టి పరుగందుకున్నాడు. నేను విమానం వదిలాను. లేచింది! దారం ఊడింది. అది ఎటూ ఒరగకుండా మైదానం దాటి, టేకు చెట్ల మీదుగా కిన్నెరసాని అడవి వైపు పోయి పోయి... కనపడకుండా పోయింది.

నాకు ఏడుపు ఆగలేదు. నెల రోజుల కష్టం... తెలిసి తెలిసి పోగొట్టాను కదా అని.

నాన్న రొప్పుతూ వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "ఏడుస్తవేంది పిచ్చిదానా! ఎంత సీదాగ పోయిందో చూసినవా?" ఆ ముఖంలో అంత గర్వం నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు మా పిల్లలు డ్రోన్ ఎగరేస్తారు. బటన్ నొక్కితే బుద్ధిగా వచ్చి కాళ్ల దగ్గర దిగుతుంది. పోతుందన్న భయం లేదు... అందుకేనేమో, అది ఎగురుతుంటే ఎవరూ ఊపిరి బిగబట్టి చూడరు.

నాన్న మాత్రం వాళ్లకు ఇప్పటికీ మా విమానం సంగతే చెప్తాడు. "ఒక్క వంకర లేకుండ అడవి దాటింది. అవునా బిడ్డా?" అని నన్ను సాక్ష్యం అడుగుతాడు. "అవ్ నాన్నా" అంటాను.

మీరూ ఇంట్లో ఎవరి కోసమైనా ఇలా ఒక నిజాన్ని మింగేసి ఉంటే కింద రాయండి... మా నాన్నకు ఫోన్‌లో ఇవన్నీ చూసే అలవాటు లేదు లెండి.