అమెరికా గ్యాలను

బడి నన్ను అయిదో తరగతితో వదిలేసింది. ఆ తరువాత చదువంతా పాత పేపర్ల అంగట్లోనే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, తిరుపతిలో ఒంటిగదిలో ఉంటూ, తూకానికి అమ్మే ఇంగ్లీషు కార్ల పత్రికలు తెచ్చుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివేవాణ్ణి. నాకు కారు లేదు. ఉన్న సైకిలు కూడా అప్పటికే అమ్మేశాను. అయినా అమెరికావాడి కారు గ్యాలనుకు ఎన్ని మైళ్లు పోతుందో, యూరపువాడి కారు నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతుందో చూసి, ఆ రెండింటినీ లీటరుకు ఇన్ని కిలోమీటర్లని మన లెక్కలోకి దించేవాణ్ణి.

లెక్క తేలేకొద్దీ ఒళ్లు మండేది. అమెరికాలో పెట్రోలు చవక కాబట్టి ఒక్కడు కూర్చోవడానికి లారీ అంత బండి కొంటాడు. యూరపులో పన్ను మీద పన్ను వేస్తే, వాళ్లు చిన్న కార్లు చేసుకుని పొదుపుగా తిరుగుతారు. మనకేమో జీతాలు ఇక్కడివి, పెట్రోలు ధర మాత్రం యూరపు దారి పట్టింది. దీన్ని అడిగేవాడు లేడా?

ఈ మాటలు వినేవాడు ఒక్కడే. బస్టాండు దగ్గర అద్దె అంబాసిడర్ నడిపే ఆయన, నాకంటే పదేళ్లు చిన్న. రోజూ సాయంత్రం టీ కొట్టు దగ్గర నేను లెక్క చెప్పడం, ఆయన ఎక్కడో ఒకచోట అడ్డం తగలడం. దానికోసమే పొద్దుటినుంచి కాచుకుని ఉంటున్నానని అప్పట్లో నాకే తెలియదు.

ఒకరోజు గ్యాలనుకు ఇరవై మైళ్లు పోయే అమెరికా కారు లీటరుకు ఏడు కిలోమీటర్లని తేల్చాను.

"కాదన్నా, ఆడ గ్యాలను సిన్నదంట. నాలుగు లీటర్లు గూడా రాదంట. నా బండెక్కిన అమెరికా ఆయనే చెప్పినాడు," అన్నాడు.

"గ్యాలను యాడైనా గ్యాలనేప్పా. నాలుగున్నర లీటర్లు. లీటర్లు రాకముందు చిత్తూరు బంకులో పనిచేసేటప్పుడు ఈ చేతుల్తో పట్టినా."

"మన బియ్యం కొలిసే పడి ఊరికొక రకంగా లేదా? ఇదీ అట్లే."

కొట్టు దగ్గరున్నవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "బండ్లు తుడిసే క్లీనరుగా ఉండి డ్రైవరైనోడివి, నువ్వా నాకు లెక్క చెప్పేది?" అన్నాను. ఈసారి ఆయన మీద నవ్వారు. సగం టీ బల్ల మీదే పెట్టి వెళ్లిపోయాడు. మరునాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. టాక్సీలవాళ్లను అడిగితే, చూపు సరిగా ఆనక బండి ఓనరుకిచ్చేసి సొంతూరు పూతలపట్టుకు పోయాడన్నారు.

ఆ కొట్టులోనే ఇంకొకడికి లెక్క చెప్పబోయాను. "తాతా, టీ తాగు, సల్లారిపోతాది," అన్నాడు.

కొన్ని నెలలకు, ఏదో మాట కోసం నిఘంటువు తిరగేస్తుంటే చివరి పేజీల్లో కొలతల పట్టిక కనిపించింది. బ్రిటిషు గ్యాలను వేరు, అమెరికా గ్యాలను వేరు. అమెరికాది మూడు ముప్పావు లీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. ఆ కారు లీటరుకు పోయేది ఏడు కిలోమీటర్లు కాదు, ఎనిమిదిన్నర. ఏళ్లుగా నేను వేసిన అమెరికా లెక్కలన్నీ తప్పే.

చిత్తూరు బస్సెక్కి పూతలపట్టులో దిగాను. రోడ్డు పక్క పంక్చరు షాపు ముందు కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నా, యాడికి పోతా ఉండావు?"

"నీ దగ్గరికేప్పా. నువ్వు చెప్పిందే నిజం. అమెరికా గ్యాలను చిన్నదే." కొత్త లెక్క రాసిన కాగితం ఇచ్చాను. దూరంగా పట్టుకుని చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"ఇది చెప్పేకే వచ్చినావా?"

"ఎనిమిదిన్నరైనా యూరపు కార్లకంటే తక్కువే గదా?" అని ఆగాను. అక్కడి బండ్లు పెద్దవి, దూరాలు ఎక్కువ అని ఆయన అడ్డం తగలాలి.

"నువ్వు చెప్తే సరేలేన్నా. టీ తాగుతావా?"

ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడగాలనే వచ్చాను. నా నోటికి గ్యాలను తప్ప మరొకటి రాలేదు. టీ తాగాం. తిరుపతి బస్సు వస్తే ఆయనే చెయ్యెత్తి ఆపాడు, నేను ఎక్కేదాకా నిలబడ్డాడు. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.