గడియ పిన్ని చూసిన సినిమా

ఆ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌ని ఎదురుగా ఉంటే పిన్నీ అంటారు, వెనకాల గడియ పిన్ని అంటారు. ఆవిడకి రెండూ తెలుసు. పొద్దుగూకాక వీధి తలుపు దగ్గరికి వచ్చి, గోడవారగా వరసలో విడిచిన చెప్పులన్నీ చూసుకుని గడియ వేస్తుంది. మొహాలు చూడదు, చెప్పులే చూస్తుంది. ఏ జత ఎవరిదో ఆవిడకి కంఠతా వచ్చు. "మీ మాటలు నమ్మేకన్నా మీ చెప్పుల్ని నమ్మడం నయం" అంటుంది.

భర్త పోయాక ఈ ఉద్యోగంలో చేరింది. పిల్లల్లేరు. అక్క కూతురు చదువుకోడానికి ఇదే హాస్టల్‌కి వచ్చినప్పుడు ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదంటే నమ్మండి. ఆ పిల్ల పిన్నీ పిన్నీ అంటూ కొంగు పట్టుకు తిరుగుతుంటే మిగతా పిల్లలకీ అదే పిలుపు అలవాటైంది.

తీరా ఇప్పుడు ఆ పిల్లే పిన్నీ అనడం మానేసింది. ఒక వాన రోజున బస్సు చెడిపోయి, గడియ పడ్డాక వచ్చి తలుపు కొట్టింది. సొంత పిల్లని వెనకేసుకొస్తోందన్న మాట పడకూడదని పిన్ని మనసు రాయి చేసుకుని తియ్యలేదు. తడిసి ముద్దయిన పిల్లని వాచ్‌మన్ భార్య తన గదిలో పడుకోబెట్టింది. తెల్లారి ఆ పిల్ల లోపలికి వచ్చి "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది. అప్పట్నించీ మేడమే. తిట్టినా పడుండేది పిన్ని. ఆ మేడమ్ చెవిన పడ్డప్పుడల్లా ఆవిడకి ముద్ద దిగడం లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. పిల్లలు భోజనాల హాల్లో గోడకి దుప్పటి కట్టి, దాని మీద ఎప్పటిదో పాత హారర్ సినిమా వేసుకున్నారు. పట్టపగలు తలుపులు మూసి లైట్లు ఆర్పడమేమిటని కోప్పడటానికి వచ్చింది పిన్ని.

"కూర్చో పిన్నీ. భయమేస్తే నా చెయ్యి పట్టుకో" అంది పొడుగు జడ పిల్ల, కుర్చీ లాగుతూ.

"మిమ్మల్నందర్నీ కాచుకుంటున్నదాన్ని, నాకింకా భయమేమిటే?" అని కూర్చుంది.

సినిమాలో కాలేజీ అమ్మాయిలంతా కలిసుండే పెద్ద ఇల్లు. కత్తి పట్టుకున్నవాడొకడు ముందే లోపల దూరి, బట్టల బీరువాలో నక్కాడు. మొదటి పిల్ల చచ్చినప్పుడు పిన్ని "అది టమాటా రసమే" అని తీసిపారేసింది. రెండో పిల్ల ఒంటరిగా మేడెక్కుతుంటే "వెళ్ళకే తల్లీ, నీకేం పోయేకాలం?" అంది. మూడో పిల్ల దగ్గరికొచ్చేసరికి కాళ్ళు రెండూ కుర్చీ మీదికి తీసుకుని, జడ పిల్ల మణికట్టు కందిపోయేలా పట్టుకుంది. భయం వేస్తోంది, నవ్వూ వస్తోంది. ఇంత సరదా ఉంటుందని తెలియకుండా ఇన్నాళ్ళు ఎలా గడిపానా అనుకుంది. ఎవరో కరెంటు పోతుందేమో అంటే, పోతే ఊరుకోనంది.

అంతలో సినిమాలో, బయటికెళ్ళిన అమ్మాయి ఒకతె తిరిగొచ్చి, కిటికీలోంచి ఆ కత్తివాణ్ణి చూసింది. లోపలివాళ్ళకి చెప్పాలని తలుపు దబదబా బాదుతోంది. ఇంటిని చూసుకునే ముసలావిడ మాత్రం, ఆలస్యంగా వచ్చినందుకు బుద్ధి రావాలని కదలకుండా కూర్చుంది.

"ఓసి మొండిదానా, పిల్ల బయటుంది, లేచి గడియ తియ్యి!" అని అరిచింది పిన్ని.

అందరూ గొల్లున నవ్వారు. కాసేపటికి ఒక్కొక్కరే ఆపేశారు. పిన్ని తల వంచుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. అక్క కూతురు ఆ హాల్లో లేదు.

సినిమా అయ్యేసరికి చీకటి పడింది. గడియ వేళ అయింది. పిన్ని చెప్పుల వరస దగ్గరికి వచ్చింది. అన్నీ ఉన్నాయి. చివర్లో అక్క కూతురి ఆకుపచ్చ జతా ఉంది. అవి తను ముచ్చటపడి కొనిచ్చినవి. ఎడమదాని పట్టీ తెగింది. ఆ పిల్ల వాటిని మెట్ల కింద పారేస్తే, చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నదీ తనే. తెగిన చెప్పులు వాటంతట అవి నడిచి వరసలోకి రావు కదా. పిల్ల ఇంకా బయటే ఉంది, లోపల ఉన్నట్టు తనని నమ్మించడానికి ఎవరో పెట్టారు.

మెట్ల మీద పిల్లలు ఆవిడనే చూస్తున్నారు. పిన్ని గడియ మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అందరూ వచ్చేసినట్టే. వెళ్ళి అన్నాలు తినండి" అని గడియ వెయ్యకుండానే, తలుపు పక్కన కుర్చీ వేసుకుంది.

కొంతసేపటికి తలుపు మెల్లగా తెరుచుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద లోపలికి వచ్చిన అక్క కూతురు పిన్నిని చూసి బిగుసుకుపోయింది.

"సారీ, మేడమ్."

"బయటికెళ్ళి తలుపు కొట్టు."

పిల్ల కళ్ళు నిండాయి. వెళ్ళి బయటి మెట్టు మీద నిలబడింది. వెనకాలే తలుపు మూసుకుంది. మళ్ళీ అదే తలుపు, అదే వాన. చాలాసేపటికి ఒక్కసారి, వినబడీ వినబడనట్టు కొట్టింది.

రెండోసారి కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. తలుపు బార్లా తెరుచుకుంది. పిన్ని పొడి తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ రోజు ఇలా తియ్యాల్సింది" అంది.

"పిన్నీ" అంది పిల్ల.