మందే ముట్టని మెదడు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. తిరుపతిలో ఒక పరిశోధనశాలలో నా పని మెదళ్లతో. చనిపోయినవారి మెదడును కుటుంబం దానం చేస్తే, దాన్ని గడ్డకట్టించి క్రయోస్టాట్‌లో పలచటి పొరలుగా కోస్తాం. క్రయోస్టాట్ అంటే డీప్ ఫ్రీజర్‌లో బిగించిన కత్తి అనుకోండి. ఈ మాట చెబితే చుట్టాలు నా పక్కన భోంచేయడానికి జంకుతారు గానీ, నాకు మాత్రం ఇంతకంటే మజా అయిన పని లేదు.

మేం వెతికేది స్కిజోఫ్రీనియా గురించి. లేని గొంతులు వినిపించే, లేనిపోని అనుమానాలతో పీడించే జబ్బు అది. చిక్కేమిటంటే, రోగులు దాదాపు అందరూ ఏళ్ల తరబడి యాంటీసైకోటిక్ మందులు వాడినవాళ్లే. మెదడులో మార్పు కనబడితే అది జబ్బు చేసిందా, మందు చేసిందా? తేల్చాలంటే మందే ముట్టని రోగి మెదడు కావాలి. అది దొరకడం గగనం.

దొరికింది! పలమనేరు దగ్గర పల్లెలో ఆవుల్ని మేపుకునే మునస్వామిని బెంగళూరు రోడ్డుమీద లారీ గుద్దింది. అక్కడికక్కడే చనిపోయాడు. దానానికి ఒప్పుకుంటూ అన్న గోవిందప్ప గట్టిగా చెప్పాడు.

"మా తమ్మునికి ఒక్క మాత్ర కూడా మింగించలేదు మేడం. కొండకు నడిపించినాను, గుండు కొట్టించినాను. ఆ స్వామే నయం చేసినాడు."

నా కాళ్లు నేలమీద నిలవలేదు. ప్రతి నమూనాను మేం ముందు మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడతాం. అణువుల బరువును బట్టి అందులో ఏ మందుందో పట్టిచ్చే యంత్రం అది. తెరమీద గీత నిటారుగా లేచింది. రిస్పెరిడోన్! స్కిజోఫ్రీనియాకు ఇచ్చే మందే. మా దగ్గరే ఏదో కలిసిపోయిందేమోనని వేరే ముక్క పెట్టాను. మళ్లీ అదే. పైగా ఆ మందు ఒంట్లో అరిగాక మారే రూపం కూడా ఉంది. అంటే మునస్వామి దాన్ని మింగాడు. నిరాశ పడాల్సింది పోయి నాకు ఒళ్లు పులకరించింది. గోవిందప్ప అబద్ధమాడే మనిషిలా లేడు. మరి మందెలా చేరింది?

ఇంటికెళ్లి జబ్బు వివరాలు అడగడం మా పనిలో భాగమే. నేను వెళ్లేసరికి గోవిందప్ప పాలకేంద్రంలో పాలు పోయడానికి పోయాడు. మునస్వామిని చిన్నప్పటినుంచి సాకిన వదిన సరోజమ్మ ఒక్కతే ఉంది. తెలియకుండా ఏదైనా మందు వాడారా అని అడిగాను. ఆమె వాకిలి వైపు చూసింది.

"నేనే మేడం. ఆస్పత్రిలో డాక్టరు రాసిచ్చినవి. ఈయనేమో కొండ ఉండాది, చాలు అనె. వాడేమో చేదని ఉమ్మేసె. అందుకే ఇన్నేళ్లూ నూరి సంగటి ముద్దలో పెట్టినాను. సంగటి నమిలేది ఎవరు? పులుసులో ముంచి మింగేదే గదా!"

నాకు పకాలున నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"ఆ మాత్రలకు మెదడు కరిగిపోతాదని ఊర్లో అంటారు. మీరు సూసినారు గదా. నేనే పాడు చేసినానా? నిజం చెప్పండి."

"కరిగిపోలేదమ్మా. నా రెండు చేతులతో పట్టుకున్నాను. కంటికి కనబడని మార్పులున్నాయా, అవి మందువా జబ్బువా అంటే ఒక్క మెదడు చూసి చెప్పలేను. చెబితే అబద్ధమవుతుంది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మాత్ర పడినాక ఆ గొంతులు నిలిచిపోయినాయి. ‘వదినా, ఆకలి’ అని నోరు తెరిచి అడిగేవాడు. ఆయనకు చెప్తారా?"

"చెప్పనమ్మా. మా దగ్గర నమూనాకు పేరుండదు, నంబరే."

తిరుగు బస్సులో నేను కుదురుగా కూర్చోలేకపోయాను. యంత్రం మందుందని మాత్రమే చెప్పింది. ఏళ్ల తరబడి పడిందని చెప్పింది సరోజమ్మ. అది తెలియకపోతే ఏదో ఒకటి రెండు మాత్రలులే అనుకొని, మందు తెచ్చిన మార్పును కూడా జబ్బు ఖాతాలో వేసేవాళ్లం.

ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా, మందుల సంగతి దానానికి సంతకం పెట్టినవారిని అడిగి ఊరుకోను. ‘ఈయనకు అన్నం ఎవరు పెట్టేవారు?’ అని అడిగి, వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను.